వేళ్ళ దగ్గర తేమ ఎంత? చాకవేలు చేలకు సెన్సర్ల లెక్క

కర్ణాటకలో బాగేపల్లి వైపున్న చాకవేలు చుట్టుపక్కల రెండు రకాల సేద్యం గట్టుకు అటూ ఇటూ కనిపిస్తుంది. ఒకవైపు వాన మీదే బతికే వేరుసెనగ, రాగి, ఉలవ. ఇంకోవైపు బోరు కింద డ్రిప్పు పైపులు పరిచిన టమాట, మల్బరీ. నేల మాత్రం చాలా చోట్ల ఒకటే: ఎర్ర గరుసు, దాని అడుగున బండ. వాన చేను రైతుకు పడ్డ వాన విత్తడానికి చాలినంత పదును ఇచ్చిందా, పైరు ఎన్నాళ్ళ బెట్టను తట్టుకుంటుంది అన్నది ప్రశ్న. బోరు రైతుకు ఈ రోజు మోటరు ఎంతసేపు వెయ్యాలన్నది ప్రశ్న. రెండింటికీ జవాబు భూమిలో జానెడు లోతున, కంటికి కనపడని చోట ఉంది.

ఆ లోతున తేమను కొలిచి, తీగలు లేకుండా ఫోనుకు పంపే పరికరాలు ఇప్పుడు చిన్న రైతు దాకా వస్తున్నాయి. ద్రాక్ష తోటల్లోనూ దానిమ్మ తోటల్లోనూ ముందుగా వాడకంలోకి వచ్చాయి. టమాట సాగు చేసే చింతామణి, బాగేపల్లి వైపు కూడా వీటిని అమ్మేవాళ్ళు తిరుగుతున్నారు. కొనేముందు ఇది ఎలా పనిచేస్తుందో, దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలుసుకోవడం మంచిది.

పరికరం చూడడానికి చిన్నదే. మన్నులో గుచ్చే కడ్డీ ఒకటి. దానికి తగిలించిన పెట్టెలో బ్యాటరీ, చిన్న బోర్డు, రేడియో ఉంటాయి. ఈ మొత్తాన్ని నోడ్ (చేనులో నిలిచి కొలిచి పంపే యూనిట్) అంటారు. ఊళ్ళో ఎత్తయిన చోట గేట్‌వే (నోడ్ల సంకేతాలను అందుకుని ఇంటర్నెట్‌కు ఎక్కించే పెట్టె) ఉంటుంది. అక్కడి నుంచి లెక్క మీ ఫోనుకు చేరుతుంది.

కడ్డీ నీటిని నేరుగా కొలవదు. నీటికున్న ఒక విద్యుత్ గుణాన్ని కొలుస్తుంది. విద్యుత్ క్షేత్రంలో ఉంచినప్పుడు ఏ పదార్థం ఎంత విద్యుత్ శక్తిని నిలవ చేసుకుంటుందో చెప్పే అంకెను డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అంటారు. గాలికి అది 1. ఎండిన మన్నుకు 3 నుంచి 5. నీటికి దాదాపు 80. ఇంత తేడా ఉండబట్టి మన్నులో కాస్త నీరు చేరినా కడ్డీకి తెలిసిపోతుంది. పరికరం దాన్ని శాతంలోకి మార్చి చూపుతుంది. 18 శాతం అంటే, నూరు లీటర్ల కొలతకు సరిపోయే మన్నులో 18 లీటర్ల నీరుందని అర్థం.

చౌకగా దొరికే రెండు పుల్లల సెన్సర్లు వేరే పద్ధతివి. అవి మన్ను గుండా కరెంటు పారించి నిరోధాన్ని చూస్తాయి. తడి మన్నులో వాటి పూతను తుప్పు కొన్ని వారాలకే తినేస్తుంది. బడి పిల్లలకు ప్రయోగం చూపడానికి చాలు, పంటను నమ్మి అప్పజెప్పడానికి చాలవు.

ఇక అసలు చిక్కు అంకెను చదవడంలో ఉంది. ఫోనులో 20 శాతం అని కనిపించిందనుకోండి. తడి చాలినట్టా, చాలనట్టా? ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. ఎర్ర ఇసుక నేలలో 20 శాతం అంటే కడుపు నిండా నీరున్నట్టు. నల్లరేగడిలో అదే 20 దగ్గర పైరు వాడిపోతుంది. సన్నని రేణువుల రేగడి నీటిని గట్టిగా పట్టుకుని వేళ్ళకు వదలదు.

దీన్ని ఊరి చెరువుతో పోల్చుకోవచ్చు. చెరువుకు పైన మరవ ఉంటుంది, కింద తూము ఉంటుంది. మరవకు మించిన నీరు పొర్లిపోతుంది. తూము కంటే కిందనున్న నీరు చెరువులో ఉన్నా కాలువకు రాదు. ఆయకట్టుకు లెక్క మధ్యలోని నీరే. మన్నుకు కూడా అలాంటి రెండు గీతలున్నాయి. పై గీత ఫీల్డ్ కెపాసిటీ (బాగా తడిసిన నేలలో మిగులు నీరు కిందికి దిగిపోయాక మన్ను నిలుపుకునే తేమ). కింది గీత విల్టింగ్ పాయింట్ (వేళ్ళు ఇక లాగలేక పైరు వాడిపోయే తేమ). ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలో పై గీత సుమారు 18, కింది గీత సుమారు 8 అనుకోవచ్చు. బరువైన రేగడిలో అవి 40, 22 దరిదాపుల్లో ఉంటాయి. మీ చేనుకు ఈ రెండు గీతలు ఎక్కడున్నాయో తెలియకుండా సెన్సర్ పెట్టడం వల్ల లాభం తక్కువ. అమ్మేవాళ్ళు పరికరంలో ముందే పెట్టి ఇచ్చే గీతలు చాలాసార్లు ఎక్కడో ఒక సగటు నేలవి. గరుసు రాళ్ళ పాలు ఎక్కువున్న బాగేపల్లి నేలకు అవి కుదరవు.

వాటిలో పై గీతను కనుక్కోవడం కష్టమైన పనేమీ కాదు. మంచి వాన పడి చేను నిండా తడిశాక, లేదా బాగా నీళ్ళు పెట్టాక, ఒకటి రెండు రోజులు ఆగి సెన్సర్ అంకె చూడాలి. ఇసుక నేలలో అప్పటికి దిగాల్సిన నీరు దిగిపోతుంది. ఆ అంకె మీ చేను పై గీత. అదే రోజు అదే లోతు నుంచి ఘనపరిమాణం తెలిసిన గొట్టంతో మన్ను తీసి, గాలి చొరని డబ్బాలో పెట్టి, ప్రయోగశాలలో తూకం వేయించి, 105 డిగ్రీల వేడిలో ఒక పగలూ రాత్రీ ఆరబెట్టి మళ్ళీ తూకం వేయిస్తే, సెన్సర్ నిజం చెబుతోందో లేదో కూడా తేలిపోతుంది. బరువులో తగ్గిందంతా నీరే. చిక్కబళ్ళాపురం జిల్లాకు కృషి విజ్ఞాన కేంద్రం చింతామణి దగ్గర కురుబూరులో ఉంది. ఇలాంటి సాయం అడగదగ్గ చోటు అది.

ఇంకో పద్ధతిలో ఈ గీతల గొడవ తక్కువ. టెన్షియోమీటర్ (మన్ను నీటిని ఎంత బలంగా పట్టి ఉంచిందో చూపే సాధనం) శాతాన్ని చెప్పదు. నీళ్ళు నింపిన గొట్టం, అడుగున సన్నని రంధ్రాల పింగాణీ మూతి, పైన ముల్లు తిరిగే గడియారం, అంతే దాని నిర్మాణం. మన్ను ఎండేకొద్దీ గొట్టంలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ లాగుడును ముల్లు కిలోపాస్కల్‌లలో చూపుతుంది. వేరు పడే కష్టం అదే కాబట్టి, ఎర్ర నేలయినా రేగడైనా అంకెకు దాదాపు ఒకే అర్థం. దాదాపు 80 కిలోపాస్కల్‌లు దాటితే గొట్టంలో గాలి చేరి పనిచేయడం మానేస్తుంది. అందువల్ల రోజూ తడి అందే తోటకు సరిపోతుంది గాని, బెట్టకొట్టిన వాన చేనుకు పనికిరాదు. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ ఇంకా సులువైనది చేసింది. అంకె చూపించకుండా రంగు దీపాలు వెలిగే చేతి పరికరం అది. నీలం అంటే తడి పుష్కలం, ఆకుపచ్చ అంటే చాలినంత, నారింజ అంటే తక్కువ, ఎరుపు అంటే వెంటనే నీరు పెట్టాలని. రేడియో లేదు, సిమ్ లేదు. చేనులోకి నడిచి వెళ్ళి గుచ్చి చూడాలి. రోజూ చేను మీదే ఉండే రైతుకు ఇది చాలని నా అభిప్రాయం. చేను ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకు, కరెంటు అర్ధరాత్రి వచ్చే చోట్ల తీగలేని పరికరం విలువ పెరుగుతుంది.

సెన్సర్‌ను గుచ్చడంలోనే సగం పని ఉంది. గరుసు నేలలో కడ్డీకీ మన్నుకూ మధ్య గాలి సందు మిగిలితే అంకె తక్కువ చూపుతుంది. గుంత తీసి, ఆ మన్నునే జల్లించి, నీళ్ళతో చిక్కగా కలిపి కడ్డీ చుట్టూ పోసి అదమాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పైపు కారే చోట పెట్టకూడదు. డ్రిప్పు చేనులో నీటిబొట్టు పడే చోటికి జానెడు దూరంలో, వేళ్ళున్న వైపు పెట్టాలి. టమాటకు రెండు లోతులు కావాలి: ఒకటి 15 సెంటీమీటర్లు, ఇంకొకటి 30. తీగ ఏ కొంచెం పైన తేలినా గుంటక దాన్ని తెంపుకుపోతుంది. ఎలుకలు కొరుకుతాయి. డ్రిప్పులో ఎరువు కలిపి వదిలిన రోజు మన్నులో ఉప్పు పెరిగి, తేమ పెరగకపోయినా అంకె కాస్త పైకి చూపవచ్చు. ఆ రోజు అంకెను పూర్తిగా నమ్మకూడదు.

సరిగా పెట్టిన సెన్సర్ తేమ ఎక్కుదిగుళ్ళను ఫోనులో గీసే గీత చూడడం ఒకసారి అలవాటైతే, అంకెల కంటే ఆ గీతే ఎక్కువ చెబుతుంది. మోటరు వేసినప్పుడు గీత నిటారుగా లేస్తుంది. పొద్దెక్కాక మెల్లగా దిగుతుంది. రాత్రి ఇంచుమించు కదలదు. మళ్ళీ పగలు దిగుతుంది. ఇలా మెట్లు మెట్లుగా కనిపిస్తే పగలు వేళ్ళు నీరు తాగుతున్నాయని అర్థం. రాత్రి కూడా దిగుతూనే ఉంటే, ఆ నీటిని పైరు తాగడం లేదు, అడుగుకు పోతోంది. మెట్లు రోజురోజుకూ చిన్నవైతే వేళ్ళకు నీరు అందడం కష్టమవుతోంది. ఆకు వాడడానికి ముందే ఈ సంగతి గీతలో తెలుస్తుంది. ఇక 30 సెంటీమీటర్ల కడ్డీ గీత ప్రతి తడికీ లేస్తోందంటే, నీరు వేళ్ళను దాటి దిగిపోతోంది. దానితోపాటు పోసిన నత్రజని కూడా పోతోంది. తడి ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అయితే టమాట కాయ పగులుతుంది, అడుగు నల్లబడి కుళ్ళుతుంది. బాక్సు ధర మార్కెట్లో తెగేటప్పుడు ఆ నష్టం కనిపిస్తుంది.

ఇప్పుడు లీటర్ల లెక్క చూద్దాం. పై గీత 18, కింది గీత 8 అంటే, టమాట వేళ్ళున్న 30 సెంటీమీటర్ల లోతులో వాడుకోదగ్గ నీరు 30 మిల్లీమీటర్లు. అందులో దాదాపు 40 శాతం తగ్గేసరికి టమాటకు మళ్ళీ తడి కావాలి. అంటే 12 మిల్లీమీటర్లు పోయాక, సెన్సర్ అంకె 14కు వచ్చాక. ఎకరంలో 1 మిల్లీమీటరు నీరంటే సుమారు 4,047 లీటర్లు. డ్రిప్పు నేలనంతా తడపదు. 40 శాతం నేల తడుస్తుందనుకుంటే, 18 నుంచి 14కు దిగిన చేనును మళ్ళీ నింపడానికి 19,400 లీటర్లు కావాలి. వేసవిలో నిండు కాపు మీదున్న టమాట రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. అది ఎకరానికి 20 వేల లీటర్లు. అంటే మన్నులోని నిలవ ఒక్క రోజుకే సరి.

బోరు వైపు నుంచి చూడండి. 90 డిగ్రీల వీ-నాచ్ పలక (బోరు నీటిని కొలిచే V ఆకారపు గండి ఉన్న పలక) మీద రెండు అంగుళాలు పోసే బోరు గంటకు సుమారు 2,900 లీటర్లు ఇస్తుంది. కర్ణాటకలో పంపుసెట్లకు ఇస్తామని చెప్పే త్రీఫేజ్ కరెంటు రోజుకు 7 గంటలు. గుణిస్తే 20,300 లీటర్లు. రెండంగుళాల బోరుకు వేసవిలో ఒక ఎకరం టమాటే గరిష్ఠం. రెండెకరాలు నాటిన రైతుకు ఏ సెన్సరూ రెండో ఎకరం నీళ్ళు పుట్టించలేదు. నాటకముందే ఈ లెక్క వేసుకోవాలి, అందుకు సెన్సర్ అవసరం లేదు.

మరి సెన్సర్ ఎక్కడ ఆదా చేస్తుంది? మిగతా రోజుల్లో. నాటిన తొలి నెలలో మొక్క తాగేది నిండు కాపు మీద తాగే దానిలో సగానికి కూడా రాదు. మబ్బు రోజుల్లోనూ చలికాలంలోనూ అవసరం బాగా తగ్గుతుంది. కానీ మోటరుకు ఆటో స్టార్టర్ తగిలించి ఉంటుంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు ఎక్కుతుంది, పోయేదాకా ఆగదు. పైరు వయసేదైనా నీరు ఏడు గంటలే. రైతు చేసే తప్పు కాదిది. కరెంటు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియని చోట ఎవరైనా చేసే పని. ఎప్పుడు ఆపవచ్చో ధైర్యంగా చెప్పగలగడం సెన్సర్ చేసే మొదటి మేలు. ఏ మడికి ముందు పెట్టాలో చెప్పడం రెండోది.

తీగలేని భాగం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నోడ్ ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది. పావుగంటకో గంటకో లేచి, కొలిచి, కొన్ని అక్షరాలంత సమాచారం పంపి మళ్ళీ నిద్రపోతుంది. భారతదేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాల మీద లోరా (తక్కువ శక్తితో ఎక్కువ దూరం పంపే రేడియో పద్ధతి) ద్వారా కొన్ని కిలోమీటర్లు అందుతుంది. బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది. గుట్ట అడ్డమొస్తే అందదు. బాగేపల్లి వైపు గుట్టలకు కొదవ లేదు కాబట్టి, కొనేముందు గేట్‌వే నుంచి మీ చేనుకు సంకేతం వస్తుందో లేదో అక్కడే నిలబడి చూపించమనండి.

ఈ ప్రయోగం మన ప్రాంతానికి కొత్త కాదు. ఇరవై ఏళ్ళ కిందటే జరిగింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, స్విట్జర్లాండ్ లోజాన్‌లోని ఫెడరల్ టెక్నాలజీ సంస్థ కలిసి కామన్‌సెన్స్ నెట్ అనే పథకం చేపట్టాయి. స్విస్ ప్రభుత్వపు అభివృద్ధి సహకార సంస్థ డబ్బిచ్చింది. 2004లో దక్షిణ కర్ణాటక పల్లెల్లో రైతులకు ఏ సమాచారం కావాలో ముందుగా అడిగి తెలుసుకున్నారు. తర్వాత తుమకూరు జిల్లా పావగడ తాలూకా చెన్నకేశవపురం చేలల్లో సెన్సర్లు పెట్టారు. పావగడకు దాదాపు చుట్టూరా ఆంధ్రప్రదేశే. బాగేపల్లి లాగే అక్కడా తెలుగు ఇంటి భాష, వేరుసెనగ వాన పంట. జాక్ పాంషార్, శేషగిరిరావు, టి.వి. ప్రభాకర్, జాన్-పియెర్ ఉబో, హెచ్.ఎస్. జమదగ్ని పేర్లతో ఆ పని మీద వ్యాసం 2007లో అచ్చయింది. పాంషార్ 2008లో సమర్పించిన డాక్టరేట్ పరిశోధన కూడా భారతదేశపు సన్నకారు సేద్యానికి తీగలేని సెన్సర్ల గురించే.

అప్పటి రేడియోలకు ఇంత దూరం అందేది కాదు. లోరా వచ్చాక ఆ కష్టం చాలావరకు తీరింది. కానీ ఆ పథకం ముందుకు తెచ్చిన అసలు ప్రశ్నను ఏ రేడియో తీర్చదు. వాన చేను రైతుకు తేమ 9 శాతానికి పడిందని తెలిస్తే ఏం చెయ్యగలడు? పెట్టడానికి నీరు లేదు. అందుకే ఆ పరిశోధకులు సెన్సర్ అంకెలను వేరుసెనగ ఎదుగుదలను లెక్కగట్టే పంట నమూనాలతో కలిపి చూశారు. ఎప్పుడు విత్తితే మేలు, కొద్దిపాటి నీరుంటే ఏ దశలో పెట్టాలి, ఏ వాతావరణంలో ఏ తెగులు వస్తుంది అన్నవి అలాంటి లెక్కల నుంచి వచ్చే జవాబులు. అవి ఒక చేనుకు పరిమితమయ్యేవి కావు, ఊరంతటికీ పనికొచ్చేవి.

ఒక మార్పు మాత్రం ఆ తర్వాత వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన కృషి భాగ్య పథకం కింద చాలామంది వాన చేను రైతులు పరద పరిచిన నీటి గుంటలు తవ్వించుకున్నారు. వాటిని కృషి హొండ అంటారు. పది మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతున్న గుంట నిండినా, గోడల వాలు వల్ల 3 లక్షల లీటర్లకు బాగా తక్కువే పడుతుంది. ఆవిరి కూడా తీసేస్తే, ఎకరం వేరుసెనగకు అది ఒక్క తడి, మహా అయితే ఒకటిన్నర. ఆ ఒక్క తడి ఎప్పుడు? పూత వచ్చి ఊడలు దిగేటప్పుడు పై మన్ను ఎండి గట్టిపడితే ఊడలు నేలలోకి దిగవు, పైనే ఎండిపోతాయి. తర్వాత ఎంత వానొచ్చినా ఆ కాయలు రావు. విత్తిన 40 రోజుల నుంచి 80 రోజుల దాకా ఈ గండం ఉంటుంది. బెట్ట మొదలైన నాలుగో రోజుకే భయపడి గుంట ఖాళీ చేసుకోవడమా, వానొస్తుందని ఇంకో వారం ఆగడమా? వానచేనులో 10 సెంటీమీటర్ల లోతున ఒక సెన్సర్, వాన సూచన, రెండూ చేతిలో ఉంటే ఈ నిర్ణయానికి ఆధారం దొరుకుతుంది. వాన సేద్యంలో సెన్సర్‌కు సరైన చోటు ఇదేనని నాకు అనిపిస్తుంది.

ఉపగ్రహాలు ఈ పని చెయ్యవా అని అడగవచ్చు. అమెరికా 2015లో పంపిన స్మాప్ ఉపగ్రహం నేల తేమనే చూస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ అంతకంటే ఎంతో సన్నగా చూడగలదు. కానీ అవి చూసేది పై కొన్ని సెంటీమీటర్లే. జిల్లాలో కరువు పరిస్థితి చెప్పడానికి అవి కావాలి. మీ టమాట వేళ్ళ దగ్గర సంగతికి కడ్డీయే కావాలి.

ఇక డబ్బు సంగతి. కర్ణాటకలో 10 హార్స్ పవర్ దాకా పంపుసెట్లకు కరెంటు ఉచితం. కాబట్టి నీళ్ళు తక్కువ వాడితే బిల్లు తగ్గుతుందన్న మాట ఇక్కడ చెల్లదు. లాభం ఎరువులో, కాయ నాణ్యతలో, మోటరు ఆయుష్షులో కనిపించాలి. బోరులో నీరు మిగలడం కూడా లాభమే గాని, దాన్ని నమ్ముకోవడం కష్టం. బండ పగుళ్ళలోని నీటికి గట్టు లేదు. నేను ఆపిన నీరు పక్క బోరులోకి పోవచ్చు. లేదా మిగిలిన నీటితో నేనే ఇంకో అరెకరం నాటవచ్చు. భూగర్భజలం వచ్చే దానికంటే తోడేది ఎక్కువగా ఉన్న జిల్లాల్లో చిక్కబళ్ళాపురం ఒకటి. ఒక రైతు ఆదాతో ఆ లెక్క మారదు.

ఈ విషయంలో సరిహద్దుకు అవతలి అనుభవం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే నడిపిన భూగర్భజల పథకం, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 2000 దశకంలో సాగింది. అందులో రైతులు, ఆడవాళ్ళు మగవాళ్ళు కలిసి, వానను కొలిచారు, బావుల్లో నీటి మట్టాన్ని కొలిచారు. ఊళ్ళో అందరి ముందు రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ ఎవరికీ ఈ పంట వెయ్యొద్దని ఆజ్ఞ ఇవ్వలేదు. ఉన్న నీరెంతో కళ్ళముందు కనిపించాక చాలామంది తక్కువ నీటి పంటల వైపు వాళ్ళంతట వాళ్ళే మళ్ళారు. అక్కడ వాడిన సాధనాలు చాలా సాదావి. అంకె అందరిదీ కావడమే పని చేసింది.

చాకవేలు లాంటి పంచాయతీకి ఆ దారి కుదురుతుంది. కర్ణాటక రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం గ్రామ పంచాయతీల స్థాయిలో పెట్టిన వాన కొలిచే యంత్రాలు ఇప్పటికే పావుగంటకోసారి లెక్క పంపుతున్నాయి. వాటికి తోడు ఊళ్ళోని ఒక్కో రకం నేలకు ఒక్కో నోడ్ చాలు: ఎర్ర గరుసు వాన చేనులో ఒకటి, డ్రిప్పు టమాటలో ఒకటి, చెరువు కింద ఒండ్రు మడిలో ఒకటి. బడి మిద్దె మీద ఒక గేట్‌వే. మూడు అంకెలు పంచాయతీ ఆఫీసు పలక మీద రోజూ రాస్తే, ఫోను లేని రైతుకు కూడా అందుతాయి. పక్కన ఆ నేల రెండు గీతలు కూడా రాయాలి, లేకపోతే అంకెకు అర్థం లేదు. ఎకరానికో సెన్సర్ కొనడం కంటే ఇది చాలా తక్కువ ఖర్చు.

ముందుగా తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సిమ్ రీచార్జి ఎవరు చేయిస్తారు? బ్యాటరీ అయిపోతే, తీగ తెగితే ఎవరు చూస్తారు? లెక్కలన్నీ అమ్మిన కంపెనీ కంప్యూటర్లోనే ఉంటాయా, మనం కూడా దించుకోవచ్చా? చందా కట్టడం ఆపిన రోజు పరికరం మూగబోతుందా, లేక దగ్గరికి వెళ్తే అంకె చూపుతుందా? కంపెనీ మూతపడితే ఏమవుతుంది? జవాబులు కాగితం మీద రాసిచ్చేవాళ్ళ దగ్గరే కొనాలి. మొదటి పంట కాలం పాత పద్ధతిలో కూడా మన్ను పిడికిట పిసికి చూసి, అదే రోజు సెన్సర్ అంకెను పక్కన రాసుకోవాలి. రెండూ కలవని రోజులు వస్తాయి. ఆ రోజుల్లో కడ్డీ దగ్గర తవ్వి చూస్తే, గాలి సందో, ఎరువు ఉప్పో, వేరు దిగని లోతో కారణం దొరుకుతుంది. అది సరిచేసుకుని రెండో పంటకు అంకె మీద ఆధారపడవచ్చు.